నొక్కితే తెరుచుకునే మెనూ చేద్దాం రండి

సీతాఫల్‌మండి స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కోసం నిలబడ్డవాళ్ల చేతుల్లో ఉండేది ఫోన్, మౌస్ కాదు. మౌస్ బాణం పైకి తెస్తే విచ్చుకునే మెనూలు వాళ్లకి పెద్దగా పనికిరావు. వేలికి తెలిసింది తాకడం ఒక్కటే. కాబట్టి మెనూ నొక్కితే తెరుచుకోవాలి, మళ్లీ నొక్కితే మూసుకోవాలి.

ఉదాహరణకి మన లైన్‌నే తీసుకుందాం. బటన్ మీద ‘స్టేషన్లు’ అని ఉంటుంది. నొక్కగానే సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజ్, జామియా ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ అని 5 లింకులు కిందకి దిగాలి.

1. హెచ్‌టీఎంఎల్

చాలామంది ఒక డివ్ పెట్టి దానికే క్లిక్ తగిలిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ట్యాబ్ కీ దాని మీద ఆగదు, ఎంటర్ కొట్టినా తెరుచుకోదు. చూపులేని మిత్రులు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. అసలైన బటన్ ట్యాగ్ వాడితే ఈ మూడూ ఉచితంగా వస్తాయి. దాని కింద యూఎల్ జాబితా రాసి, హిడెన్ అనే ఆట్రిబ్యూట్ పెట్టండి. బటన్‌కి ఆరియా-ఎక్స్‌పాండెడ్ పెట్టి విలువ ఫాల్స్ ఇవ్వండి. మెనూ ఇప్పుడు మూసి ఉందని స్క్రీన్ రీడర్‌కి చెప్పేది అదే. రెండింటినీ కలిపి ఒక డివ్‌లో ఉంచండి.

2. సీఎస్ఎస్

బయటి డివ్‌కి పొజిషన్ రిలేటివ్, జాబితాకి అబ్సొల్యూట్ ఇస్తే మెనూ కింద ఉన్న రాతను నెట్టకుండా దాని పైన తేలుతుంది. ఇక్కడో తిరకాసు ఉంది. జాబితాకి డిస్‌ప్లే ఫ్లెక్స్ ఇచ్చారంటే హిడెన్ పనిచేయడం మానేస్తుంది, ఎందుకంటే మనం రాసిన నియమం బ్రౌజర్ సొంత నియమాన్ని తోసేస్తుంది. హిడెన్ ఉన్నప్పుడు డిస్‌ప్లే నన్ అని విడిగా మరో నియమం రాయాలి.

తెలుగుకి ఇంకో జాగ్రత్త కావాలి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ హైట్‌లో మన ఒత్తులు ఇరుక్కుంటాయి. ‘ఆర్ట్స్’ కింద ఒత్తులు తెగిపోతే చదివేదెలా? 1.6 లేదా 1.8 ఇచ్చి చూడండి.

3. జావాస్క్రిప్ట్

బటన్ క్లిక్ అయినప్పుడు రెండు పనులు జరగాలి. హిడెన్ ఉంటే తీసెయ్యాలి, లేకపోతే పెట్టాలి. దాంతోపాటే ఆరియా-ఎక్స్‌పాండెడ్ విలువ కూడా మార్చాలి. రెండోది వదిలేస్తే, కంటికి మెనూ తెరిచి ఉన్నా చెవికి మూసి ఉన్నట్టే వినిపిస్తుంది.

మూసే దారులు ఇంకో రెండు కావాలి. ఎస్కేప్ కొడితే మూసుకుని, ఫోకస్ తిరిగి బటన్ మీదకి రావాలి. బయట ఎక్కడ నొక్కినా మూసుకోవాలి. ఈ రెండోదానికి డాక్యుమెంట్‌కి క్లిక్ తగిలిస్తాం. అప్పుడు కొందరి మెనూ తెరుచుకున్న క్షణంలోనే మూసుకుంటుంది! బటన్ మీద పడిన క్లిక్ పైకి పాకుతూ డాక్యుమెంట్ దాకా వెళ్లడమే కారణం. అందుకే మూసేముందు ‘నొక్కిన చోటు బయటి డివ్ లోపలే ఉందా?’ అని కంటెయిన్స్‌తో అడగాలి. ఉంటే ఏమీ చేయకూడదు.

జావాస్క్రిప్ట్ అసలే వద్దనుకుంటే డీటెయిల్స్, సమ్మరీ ట్యాగులున్నాయి. తెరవడం, మూయడం బ్రౌజరే చూసుకుంటుంది. బయట నొక్కితే మాత్రం మూసుకోదు.

ఇదంతా మనకెందుకు అంటారా? ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం వికలాంగులకూ అందాలని 2016 నాటి వారి హక్కుల చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, మన క్లాసులో ఒక్కరు మెనూ తెరవలేకపోతే దాని వెనకున్న కథలూ కవితలూ వాళ్లకి లేనట్టే కదా.

పని అయ్యాక మౌస్ పక్కన పెట్టేసి, ట్యాబ్, ఎంటర్, ఎస్కేప్ మూడింటితోనే కాచిగూడ లింకు దాకా వెళ్లి రండి. వెళ్లి రాగలిగితే మీ మెనూ పాసైనట్టే.