వెనక వరసలో కూర్చున్న చెల్లికి

ఈ నెల మన ముచ్చట బల్ల ఆదివారం, అంటే ప్రభురాత్రి భోజనం తీసుకునే ఆదివారం గురించి.

నెలలో మొదటి ఆదివారం మన గుళ్లలో ఒకసారి గమనించండి. వాక్యం అయిపోతుంది. బల్ల మీది తెల్లగుడ్డ తీస్తారు. పాస్టరుగారు రొట్టె చేత పట్టుకుని ప్రార్థన మొదలుపెడతారు. అప్పటిదాకా అందరికంటే గట్టిగా పాటలు పాడిన అమ్మాయి చంటిదాన్ని ఎత్తుకుని మెల్లగా బయటికి నడుస్తుంది. పిల్ల ఏడవనే లేదు. వెనక వరసలో ఇంకొకామె తలవంచుకుని కూర్చుని, పళ్లెం తన దాకా రాగానే పక్కామెకు అందించేస్తుంది. తర్వాత చెప్పులు వేసుకునే చోట అడిగితే ఒకటే జవాబు: "ఈ నెల తీసుకోలేదక్కా, మనసు బాగోలేదు."

ఆ మాట వెనక ఏముంటుందో మనకు తెలియనిది కాదు. రాత్రి అత్తగారితో మాటామాటా పెరిగింది. తోడికోడలు కొత్త గొలుసు వేసుకొస్తే లోపల కుళ్లు పుట్టింది. చీటీ డబ్బుల విషయంలో భర్తకు అబద్ధం చెప్పాల్సి వచ్చింది. మార్కులు తగ్గాయని పిల్లాణ్ని వాతలు తేలేలా కొట్టింది. పోయిన నెల ఏడ్చి ఒప్పుకున్న పాపమే ఈ నెలా చేసింది. మళ్లీ ఏ మొహం పెట్టుకుని చెయ్యి చాపను అని ఆమె బాధ. ఆ బాధను నేను తేలిగ్గా తీసెయ్యను. పాపాన్ని పాపం కాదనడానికి ఈ ముచ్చట రాయడం లేదు. పాపం తెలిసొచ్చిన రోజున బల్లకు దూరంగా జరగడం తప్పు అని మాత్రం గట్టిగా చెప్పదలిచాను. ఆకలి తీరాక అన్నానికి వస్తాననే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

మనల్ని వెనక్కి లాగేది ముఖ్యంగా ఒక హెచ్చరిక. అయోగ్యంగా తిని తాగితే తీర్పు కొనితెచ్చుకున్నట్టేనని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఉంది. చిన్నప్పటి నుంచీ విన్నాం, భయపడ్డాం. ఆ వచనానికి పైనా కిందా ఏముందో చదివినవాళ్లం మాత్రం తక్కువ. కొరింథు సంఘంలో ప్రభురాత్రి భోజనం ఇప్పటిలా చిన్న ముక్క, గుక్కెడు రసంతో అయిపోయేది కాదు. అందరూ కూడి కడుపునిండా తినే భోజనంతో కలిసి జరిగేది. అక్కడ కలిగినవాళ్లు ఎవరి కోసమూ ఆగకుండా తమ తిండి తాము తినేసి, మత్తెక్కేదాకా తాగేవాళ్లు. లేనివాళ్లు ఆకలితో, సిగ్గుతో చూస్తూ కూర్చునేవాళ్లు. పౌలుకు కోపం వచ్చింది దానికి. పేదవాళ్లను అవమానించి ఆ బల్లను ప్రభువు బల్ల అని ఎలా అంటారని నిలదీశాడు. కలిసి తినడానికి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగమని చెప్పి ఆ సంగతి ముగించాడు. మధ్యలో, ఎవరిని వాళ్లు పరీక్షించుకుని ఆ తర్వాత తినమన్నాడు. పరీక్షించుకుని ఇంటికి వెళ్లిపొమ్మని ఎక్కడా అనలేదు.

ఇక ఆ మొదటి బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారో చూద్దాం. లూకా సువార్త 22వ అధ్యాయం తీయండి. యేసు రొట్టె విరిచి ఇచ్చాడు, గిన్నె ఇచ్చాడు. ఇంకా అక్కడి నుంచి లేవనైనా లేవలేదు, శిష్యులు తమలో ఎవరు గొప్ప అని తగువు పెట్టుకున్నారు. ఇంటి పోట్లాటకు సిగ్గుపడి బయటికి వెళ్లిపోయే అక్కా, ఆ బల్ల మీదే పోట్లాట జరిగింది. తనను అప్పగించబోయేవాడి చెయ్యి కూడా అదే బల్ల మీద ఉందని యేసు చెప్పాడు. తెల్లారకముందే అందరూ తనను వదిలి పారిపోతారని ఆయనకు తెలుసు. తెలిసే వడ్డించాడు.

పేతురు సంగతి చదివినప్పుడల్లా నా గుండె కరుగుతుంది. చెరసాలకైనా చావుకైనా వస్తానని అంత ధీమాగా చెప్పిన మనిషి, ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు ఆయనెవరో నాకు తెలియదనేశాడు. కోడి కూసేలోపు మూడుసార్లు. అయితే అతను పడిపోకముందే, అతని నమ్మకం చెదిరిపోకుండా ఉండాలని తాను వేడుకున్నానని యేసు అతనితోనే అన్నాడు. నువ్వు తిరిగొచ్చాక నీ అన్నదమ్ములకు ధైర్యం చెప్పమని పని కూడా అప్పగించాడు. పడిపోతావని తెలుసు, తిరిగి వస్తావనీ తెలుసు, దానికోసం ప్రార్థన ముందే అయిపోయింది. కృప అంటే నాకు అర్థమైంది ఇదే. మనం పశ్చాత్తాపపడ్డాక బయలుదేరి వచ్చేది కాదది. మనం పడకముందే వచ్చి నిలబడి ఉంటుంది. తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున యేసు బొగ్గుల మీద చేపలు కాల్చి, రొట్టె పెట్టి పేతురును తినడానికి పిలిచాడు. ముందు కడుపు నింపాడు. నన్ను ప్రేమిస్తున్నావా అనే ప్రశ్న ఆ తర్వాతే అడిగాడు.

ఇక్కడ ఆడవాళ్లం మనలో మనం చెప్పుకోవలసిన మాట ఒకటుంది. నెలసరి రోజులని బల్లకు దూరంగా ఉండే చెల్లెళ్లు నేటికీ ఉన్నారు. తల్లి అలా చేసింది, అమ్మమ్మ అలా చేసింది. అందులో పాపం ఎక్కడుంది? పన్నెండేళ్లుగా రక్తస్రావంతో నలిగిన స్త్రీ సంగతి మార్కు 5వ అధ్యాయంలో ఉంది. లేవీయకాండం లెక్కన ఆమె అపవిత్రురాలు. ఆమె గుంపులో దూరి యేసు బట్ట తాకింది. ఆయన ఆమెను గద్దించలేదు, కుమారీ అని పిలిచాడు. దేవుడు మన ఒంట్లో పెట్టిన ధర్మాన్ని అపవిత్రమని మనమే ముద్ర వేసుకోవడం ఇక చాలు. మీ ఆడపిల్లలకైతే అసలే నేర్పకండి.

యోగ్యత గురించి మన సంఘాలు ఏం నేర్పాయో కూడా గుర్తు చేసుకుందాం. గుంటూరు చుట్టుపక్కల లూథరన్ గుళ్లకు మూలం 1842లో అక్కడికి వచ్చిన హయ్యర్ దొరగారు. ఆ గుళ్లలో పెరిగినవాళ్లకు లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి పరిచయమే. బల్లకు ఎవరు తగినవారు అన్న ప్రశ్న అందులో ఉంది. ఉపవాసాలు, ఒంటిని అదుపులో పెట్టుకోవడం మంచి అలవాట్లే అంటాడు లూథరు. కానీ ఇది నా కోసం ఇచ్చాడని నమ్మినవాళ్లే నిజంగా తగినవాళ్లని తేల్చేస్తాడు. ఇంగ్లండు సంఘంలో 16వ శతాబ్దం నుంచి బల్ల దగ్గరికి వచ్చేముందు చేసే ప్రార్థన ఒకటుంది. బల్ల కింద రాలిన ముక్కలు ఏరుకునే అర్హత కూడా మాకు లేదని దాని భావం. బిషప్పు నుంచి గుడి ఊడ్చే అమ్మ దాకా అదే మాట చెప్పి, ఆ మాట నోట ఉండగానే ముందుకు వస్తారు. అర్హత లేదని ఒప్పుకోవడమే రావడానికి దారి అయినప్పుడు, మీరొక్కరే ఆ మాట చెప్పి వెనక్కి తిరగడం ఎందుకు?

"అలాగైతే ఏం చేసినా చెల్లుతుందా అక్కా?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జాన్ న్యూటన్ అనే ఆయన కథ దీనికి బాగా జవాబు చెబుతుంది. ఆయన 1725లో లండన్‌లో పుట్టాడు, ఓడ మనిషి. 1748 మార్చిలో నడిసముద్రంలో తుపానులో చిక్కుకుని దేవుణ్ని పిలిచాడు. తన రక్షణకు అదే మొదలని చెప్పుకునేవాడు. అయితే ఆ తర్వాత కూడా ఆఫ్రికా మనుషుల్ని గొలుసులు వేసి ఓడలో తోలుకెళ్లే వ్యాపారంలోనే ఉన్నాడు, ఓడకు కెప్టెన్ కూడా అయ్యాడు. 1754లో ఒంట్లో బాగోక సముద్రం మానుకున్నాడే గానీ అది పాపమని కాదు. ఆ వ్యాపారం ఎంత ఘోరమో, అందులో తన చేతులు ఎలా మసిబారాయో 1788లో పుస్తకం రాసి లోకానికి చెప్పాడు. అంటే మొదటి ప్రార్థనకూ ఆ ఒప్పుకోలుకూ మధ్య 40 ఏళ్లు. కృప ఆయన్ని వదల్లేదు, ఆయన పాపాన్నీ వదల్లేదు. తవ్వి తవ్వి బయటికి తీసింది.

మన కళ్లకు కనపడకుండా మనలో కూర్చున్న పాపం ఏది? చెబితే కొందరికి కష్టంగా ఉంటుంది, అయినా చెబుతాను. టీవీ సీరియల్ చూశామని, జడలో పూలు పెట్టామని కుమిలిపోయే మనం, కులం గురించి ఎన్నిసార్లు ఒప్పుకున్నాం? మాల గుడి, మాదిగ గుడి అని వేరువేరుగా పిలుచుకునే ఊళ్లు మనకు ఉన్నాయి. పై కులం నుంచి వచ్చిన విశ్వాసులు ఆ రెండింటికీ దూరంగా కూడుకోవడమూ ఉంది. పిల్లకు సంబంధం చూసేటప్పుడు ముందు కులం, తర్వాత రక్షణ అడుగుతాం. కొరింథులో పౌలుకు కోపం తెప్పించింది సరిగ్గా ఈ రకం పాపమే. బల్ల దగ్గర ఒకరిని తక్కువ చేసి చూడడం! ఆ హెచ్చరికకు వణకవలసిన చోట మనం వణకడం లేదు.

న్యూటన్ గురించి ఇంకొక్క మాట, మనసు బాగోలేదు అనే చెల్లెళ్ల కోసం. అమేజింగ్ గ్రేస్ అనే పాట ఆయనదే. 1773 జనవరి 1న ఓల్నీ అనే ఊళ్లో తాను కాపరిగా ఉన్న సంఘానికి వాక్యం చెప్పడం కోసం దాన్ని తయారుచేశాడు. ఆయనతో కలిసి పాటలు రాసిన ప్రాణస్నేహితుడు విలియం కూపర్ అదే నెలలో తీవ్రమైన మానసిక జబ్బులో పడిపోయాడు. దేవుడు నన్ను వదిలేశాడన్న నమ్మకం అతన్ని పట్టుకుంది, మళ్లీ ఎప్పుడూ గుడిలో అడుగుపెట్టలేకపోయాడు. న్యూటన్ అతన్ని విశ్వాసం లేనివాడని తిట్టలేదు. ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాడు. మీలో ఎవరికైనా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, ఏ పాపమూ చేయకపోయినా నేను పనికిరానిదాన్నని లోపల మోగుతూ ఉంటే, ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికీ వెళ్లండి. అది అవిశ్వాసం కాదు. అలాంటి చెల్లెలు మీ ఇంట్లో ఉంటే ఆమెకు ఉపవాసాలు అంటగట్టకండి, తోడుగా ఉండండి.

బలిపీఠం దగ్గర కానుక విడిచి ముందు సమాధానపడమని యేసు అన్నాడు కదా అని కొందరు గుర్తుచేస్తారు. అన్నాడు, మత్తయి 5వ అధ్యాయంలో. సమాధానపడి వచ్చి అర్పించమని కూడా అదే నోటితో అన్నాడు. ఆరు నెలలు మాటలు మానేసి, ఆరు నెలలు బల్ల మానేయడం ఆ మాటకు లోబడడం కాదు. శనివారం రాత్రే వెళ్లి అత్తయ్యా, నేను అలా అనకూడదు, తప్పయింది అనండి. ఆవిడ మొహం తిప్పుకున్నా సరే, మీ వంతు అయింది. మనకు చేతనైనంత వరకే పౌలు మనల్ని బాధ్యుల్ని చేశాడు. తాగొచ్చి కొట్టే భర్త ఉన్న చెల్లెలికి ఈ మాట వర్తింపజేయకండి. క్షమించడం అంటే దెబ్బలు తినడానికి మళ్లీ వెళ్లి నిలబడడం కాదు. ఆమెను ముందు సురక్షితమైన చోటికి చేర్చాలి, అది మన సంఘం పని.

స్త్రీల కూడికలు నడిపే అమ్మగార్లకు కూడా చేతులెత్తి ఒక విన్నపం. ప్రార్థన విన్నపాల పేరుతో ఒకరి ఇంటి గుట్టు పేటంతా తిరుగుతోంది. ఫలానా ఆమె కోసం భారంగా ప్రార్థించండి అంటూ ఆమె కథంతా చెప్పేస్తున్నాం. అలాంటి చోట ఎవరు నోరు విప్పి తప్పు ఒప్పుకుంటారు? చెప్పిన మాట కడుపులో దాచుకునే ఒక్క పెద్దామె ఉంటే చాలు, ఎంతోమంది చెల్లెళ్లు ఆమె దగ్గర ఏడ్చి తేలికపడతారు.

ఇన్ని చేసినా పాత కోపం మళ్లీ వస్తుంది. పేతురుకూ వచ్చింది, పాత భయం. పెంతెకొస్తు దినాన వేలమందికి ధైర్యంగా బోధించిన ఆ పేతురే తర్వాత అంతియొకయలో, యెరూషలేము నుంచి కొందరు రాగానే అన్యజనులతో కలిసి తినడం మానేసి పక్కకు జరిగాడు. మళ్లీ అదే లోపం, మనుషులు ఏమంటారోనని. మళ్లీ ఒక బల్ల దగ్గరే. పౌలు అందరి ముందూ ముఖం మీద చెప్పి దిద్దాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో అది దాచకుండా రాసి ఉంది. అపొస్తలుడికే అన్నేళ్ల తర్వాత దిద్దుబాటు అవసరమైతే, మారుమనస్సు పొందిన మూడేళ్లకే నేనింకా ఇలాగే ఉన్నానేంటి అని మీరు చతికిలబడనక్కర్లేదు. ఒప్పుకునేటప్పుడు మాత్రం గుండుగుత్తగా నేను పాపిని ప్రభువా అని ఊరుకోకండి. నిన్న సాయంత్రం ఫలానా మాట అన్నాను అని పేరు పెట్టి చెప్పండి. పేరు పెట్టిన పాపాన్ని దిద్దుకోవడం తేలిక.

వచ్చే బల్ల ఆదివారం పిల్లను ఎత్తుకుని బయటికి వెళ్లకండి. ఆ వారమంతా ఎలా గడిచినా సరే, ఒప్పుకోవలసింది ఒప్పుకుని, అడగవలసిన క్షమాపణ అడిగి, ముందుకు రండి. మీ పక్కన ఎవరైనా తలవంచుకుని పళ్లెం దాటించేస్తుంటే ఆమెను కారణం అడగకండి, నాతో రా చెల్లీ అనండి.