క్రింద పడిన బి.పి. మిషన్‌ను నమ్మవచ్చా?

ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో బి.పి. మిషన్ ఉంటోంది. పిల్లలు ఊరి నుండి వస్తూ కొనితెచ్చినదో, మందుల షాపులో కొన్నదో, టీవీ ప్రక్కనో బీరువా మీదో ఉంటుంది. అటువంటి వస్తువు ఎప్పుడో ఒకప్పుడు చేయి జారి పడటం మామూలే. పడగానే మనం తీసి చూస్తాము. అద్దం పగల్లేదు, బటన్ నొక్కితే అంకెలు వస్తున్నాయి. “ఏమీ కాలేదు” అనుకొని మళ్ళీ వాడుకుంటాము. కాని మిషన్ పనిచేయడం వేరు, సరిగ్గా కొలవడం వేరు. ఈ రెండింటికీ తేడా ఎలా తెలుసుకోవాలో ఈ నెల మీకు వివరిస్తాము.

క్రింద పడితే లోపల ఏమవుతుంది?

ఇళ్ళలో ఎక్కువగా రెండు రకాల మిషన్లు ఉంటాయి. మొదటిది గడియారం లాంటి డయల్, అందులో ముల్లు ఉన్నది. దీని లోపల పలుచని లోహపు డబ్బీ ఒకటి ఉంటుంది. గాలి ఒత్తిడికి అది ఉబ్బుతుంది. ఆ ఉబ్బు చిన్న చిన్న పళ్ళ చక్రాల ద్వారా ముల్లును తిప్పుతుంది. గట్టిగా దెబ్బ తగిలితే ఆ చక్రాలు ప్రక్కకు జరగవచ్చు, డబ్బీ వంగవచ్చు. పైకి ఏమీ కనబడదు.

రెండవది బ్యాటరీతో పనిచేసే డిజిటల్ మిషన్. చేతికి కట్టిన పట్టీలో నాడి అదురును ఇది లోపలి సెన్సార్‌తో పసిగట్టి లెక్క కట్టి అంకెలు చూపుతుంది. దీనికి ముల్లు లేదు కాబట్టి పాడైనా కంటికి తెలియదు. తప్పు అంకెను కూడా ఒప్పు అంకె లాగే చక్కగా చూపిస్తుంది. అదే దీనితో చిక్కు.

కొద్ది తేడా వస్తే ఏమవుతుంది?

ఆసుపత్రిలో చూసినప్పుడు 140/90, ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85 దాటితే సాధారణంగా ఎక్కువ బి.పి.గా పరిగణిస్తారు. మీ మిషన్ 10 అంకెలు తక్కువ చూపితే 142 ఉన్న మనిషికి 132 అని కనబడుతుంది. జబ్బు ఉన్నవారు లేదనుకుంటారు.

మా ఓ.పి.కి వచ్చే ఒక పెద్దాయన విషయం చెబుతాము. ప్రతి ఉదయం బి.పి. చూసుకొని నోటు పుస్తకంలో వ్రాసుకొనే అలవాటు ఆయనది. కొన్ని వారాలుగా 126, 128 వస్తున్నాయని సంతోషించి, తనంతట తానే బిళ్ళను సగానికి విరిచి వేసుకోసాగారు. మా దగ్గర చూస్తే 150 ఉంది. సిస్టర్ ఆయన మిషన్‌తో అదే చేతికి మళ్ళీ చూస్తే 128 చూపింది.

“తాతగారూ, ఈ మిషన్ ఎప్పుడైనా క్రింద పడిందా?” అని సిస్టర్ అడిగింది.

“పడిందమ్మా, బీరువా మీద నుంచి. కాని బాగానే పనిచేస్తోంది కదా!” అన్నారాయన.

ఆయన నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. రోజూ శ్రద్ధగా చూసుకొని, శ్రద్ధగా వ్రాసుకొన్నారు. తప్పు అంకెను నమ్మడమే ఆయనను ప్రమాదంలోకి నెట్టింది. డాక్టరు గారు మళ్ళీ పూర్తి బిళ్ళ వేసుకోమని చెప్పి, ఆ మిషన్‌ను వాడవద్దన్నారు.

దీనికి వ్యతిరేకంగా కూడా జరగవచ్చు. మిషన్ ఎక్కువ చూపితే మనిషి భయపడి ఇంకో బిళ్ళ వేసుకుంటారు. బి.పి. మరీ పడిపోయి, రాత్రి బాత్‌రూముకు లేచినప్పుడు కళ్ళు తిరిగి పడితే తుంటి ఎముక విరగవచ్చు.

ఇంట్లో మీరు చూడగలిగినవి

1. గొట్టం, పట్టీ, బల్బు చూడండి. పగుళ్ళు, వదులు ఉన్నాయేమో చూడండి. మిషన్‌ను చెవి దగ్గర మెల్లగా ఊపండి. లోపల ఏదో కదిలిన చప్పుడు వస్తే ఇక వాడకండి.

2. డయల్ మిషన్ అయితే గాలి అంతా తీసివేశాక ముల్లు సున్న దగ్గర నిలవాలి. నిలవకపోతే అది పాడైనట్లే.

3. పట్టీని గట్టి గుండ్రని సీసాకు చుట్టి 200 వరకు గాలి కొట్టండి. కొద్దిసేపు ఆగి, అక్కడి నుండి ఒక నిమిషం గమనించండి. ముల్లు 4 అంకెల కంటే ఎక్కువ దిగితే గాలి లీకవుతున్నట్లు. ఈ పరీక్ష సీసా మీదే చేయాలి, మనిషి చేతి మీద చేయకూడదు.

4. తర్వాత గాలిని మెల్లగా వదలండి. ముల్లు నునుపుగా దిగాలి. మధ్యలో ఆగి ఆగి దిగితే, గెంతితే లోపల ఏదో తగులుతోందని అర్థం.

5. డిజిటల్ మిషన్ అయితే కొత్త బ్యాటరీలు వేసి, నిమిషం తేడాతో మూడుసార్లు చూడండి. అంకెలు బాగా మారుతుంటే మిషన్ పాడై ఉండవచ్చు. నాడి సక్రమంగా కొట్టుకోని వారికి కూడా ఇలా మారుతుంది. రెండింటిలో ఏదైనా డాక్టరు గారికి తెలియాలి.

ఇవన్నీ బాగుంటే మిషన్ సరిగ్గా ఉన్నట్లేనా? కాదు. సంతలో త్రాసు సంగతి మీకు తెలుసు. ఖాళీ తట్టలు సమంగా నిలిచినంత మాత్రాన ఆ త్రాసును నమ్మము. కిలో రాయి వేసి చూడాలి, ఆ రాయి కూడా ముద్ర పడినదై ఉండాలి. అలాగే ముల్లు సున్న దగ్గర నిలిచినా 150 దగ్గర తప్పు చూపవచ్చు. అందుకే ముందే సరిచూసి ఉంచిన పరికరంతో పోల్చడం తప్పనిసరి. ప్రక్కింటివారి మిషన్‌తో పోలిస్తే సరిపోదు. రెండూ వేరు వేరుగా చూపితే ఏది నిజమో ఎలా తెలుస్తుంది?

ఆసుపత్రిలో ఎలా పోలుస్తాము?

డయల్ మిషన్ అయితే వై ఆకారపు గొట్టంతో మీ డయల్‌ను, సరిచూసిన పరికరాన్ని కలిపి ఒకే బల్బుతో గాలి కొడతాము. రెండింటిలోనూ ఉన్నది ఒకే గాలి కాబట్టి ఒకే అంకె చూపాలి. 0, 50, 100, 150, 200, 250 దగ్గర ఆగి చూస్తాము. ఎక్కడా 3 అంకెల కంటే ఎక్కువ తేడా ఉండకూడదు.

డిజిటల్ మిషన్‌ను మీ చేతి మీదే చూస్తాము. దానికి మీరు సిద్ధపడి రావాలి. అరగంట ముందు నుండి టీ, కాఫీ, బీడీ, సిగరెట్టు మానండి. మూత్రానికి వెళ్ళి రండి. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, మాట్లాడకుండా కూర్చోండి. చేయి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. చేయి 10 సెంటీమీటర్లు క్రిందికి ఉంటేనే 7, 8 అంకెలు ఎక్కువ వస్తాయి. ఆ తప్పు మిషన్ మీద వేయకూడదు కదా.

ఒకే చేతికి నిమిషం తేడాతో ఐదుసార్లు చూస్తాము. మొదట రెండుసార్లు మీ మిషన్, తర్వాత మాది, మళ్ళీ మీది, మళ్ళీ మాది. మొదటిసారి వచ్చినది సాధారణంగా కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి దానిని వదిలివేస్తాము. ఉదాహరణకు మీ మిషన్ 142, 138 చూపితే సగటు 140. మాది 139, 137 చూపితే సగటు 138. తేడా రెండే. పై అంకెకు, క్రింది అంకెకు ఇలాగే విడివిడిగా చూస్తాము.

తేడా 5 లోపు ఉంటే మిషన్ వాడుకోవచ్చు. 6 నుండి 10 వరకు ఉంటే మళ్ళీ పరీక్షించి, డాక్టరు గారి సలహా తీసుకోవాలి. 10 దాటితే ఆ మిషన్‌ను ప్రక్కన పెట్టండి. పట్టీ మీ చేతికి సరిపోయే కొలతలో ఉందో లేదో కూడా అప్పుడే చూస్తాము. లావు చేతికి చిన్న పట్టీ కడితే బి.పి. లేనిపోని ఎక్కువ చూపుతుంది.

చేయకూడనివి

ముల్లును చేత్తో త్రిప్పి సున్న దగ్గర పెట్టకండి. అలా చేస్తే తప్పు పోదు, దాగిపోతుంది. మిషన్ విప్పకండి. “ఈ మిషన్ 10 తక్కువ చూపుతుంది, మనం కలుపుకుందాం” అని లెక్కలు వేయకండి. 120 దగ్గర 10 తేడా ఉన్నది 170 దగ్గర 25 కావచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంటి మిషన్ చూపిన అంకెను బట్టి మీ అంతట మీరు బిళ్ళలు పెంచకండి, తగ్గించకండి, మానకండి.

ఇంకొక మాట. పడవేసిన పిల్లవాడిని తిట్టకండి. తిడితే ఈసారి పడినప్పుడు చప్పుడు చేయకుండా తీసి బల్ల మీద పెట్టేస్తాడు. మా వార్డులలో ఏ పరికరం క్రింద పడినా వెంటనే చెప్పాలని విద్యార్థి నర్సులకు మొదటి నుండి నేర్పుతాము. చెప్పినందుకు ఎవరినీ కోప్పడము. ఆ పరికరానికి “పరీక్ష కాలేదు” అని చీటీ కట్టి ప్రక్కన పెడతాము. సరిచూసేదాకా అది ఏ రోగి దగ్గరకూ వెళ్ళదు. మీరు కూడా ఇంట్లో ఒక కాగితం అంటించి, పడిన తేదీ వ్రాసి పెట్టండి.

పాత పాదరసం మిషన్ ఉన్నవారికి

పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో దేశాలు మినమాటా ఒప్పందం చేసుకున్నాయి. 2018లో మన దేశం కూడా దానిని ఆమోదించింది. అయినా కొన్ని ఇళ్ళలో పాత మిషన్లు ఉన్నాయి. అది పగిలి పాదరసం చిందితే పిల్లలను, గర్భిణులను బయటకు పంపి కిటికీలు తెరవండి. ఫ్యాను ఆపండి. చీపురుతో ఊడ్వకండి, వట్టి చేతులతో ముట్టకండి. చేతి గాజులు, ఉంగరాలు తీసివేయండి, పాదరసం బంగారానికి అంటుకుంటుంది. చేతి తొడుగులు వేసుకొని, గట్టి అట్ట ముక్కతో బొట్లను దగ్గరకు చేర్చి, నీళ్ళున్న సీసాలోకి తీసి మూత బిగించండి. మురుగు కాలువలో పోయకుండా, ఎక్కడ అప్పగించాలో ఆసుపత్రిలో అడగండి.

మిషన్ సంగతి తర్వాత

గుండెలో నొప్పి, ఊపిరి అందకపోవడం, మూతి వంకర పోవడం, ఒక ప్రక్క చేయి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం వంటివి కనబడితే మిషన్ ఎంత చూపినా, సరిగ్గా చూపుతోందా లేదా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

మిగిలినవారు ఈసారి చూపించుకోవడానికి వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు మీ బి.పి. మిషన్ కూడా సంచిలో పెట్టుకొని రండి. క్రింద పడకపోయినా సంవత్సరానికి ఒకసారి సరిచూపించుకోవడం మంచిది. పడితే మాత్రం, సరిచూసేవరకు అది చూపే అంకె మీద ఒక్క బిళ్ళ కూడా మార్చవద్దు.