తొమ్మిదిసార్లు గెలిచిన మనిషిని చదవడం

పొట్టంగి

చిరంజీవి అమ్మడికి,

ఉత్తరం అందింది. చట్టసభలో ఎక్కువకాలం కొనసాగిన ఒక ప్రజాప్రతినిధి జీవితం మీద వ్యాసం రాయమన్నారనీ, క్లాసులో ఎక్కువమంది అమెరికా కాంగ్రెస్ సభ్యుడు జాన్ డింగెల్‌ను ఎంచుకున్నారనీ రాశావు. నువ్వూ ఆయన్నే తీసుకోవాలా అని అడిగావు. డింగెల్ తీసిపారేయదగ్గ మనిషి కాదు. మిషిగన్ నుంచి 1955 చివర్లో ప్రతినిధుల సభలోకి వెళ్లి 2015 మొదట్లో బయటికొచ్చారు. 59 ఏళ్లు. అమెరికా కాంగ్రెస్ చరిత్రలో అంతకాలం ఉన్నవాళ్లు ఇంకొకరు లేరు. అయినా, పొట్టంగి ఓటు పడే కొరాపుట్ స్థానంలోనే తొమ్మిదిసార్లు నెగ్గిన గిరిధర్ గమాంగ్ ఉండగా నువ్వు మిషిగన్ దాకా పోవాల్సిన పని లేదు. డింగెల్‌ను పక్కన పెట్టుకో, పోల్చి చూడ్డానికి పనికొస్తాడు. రాయడం మాత్రం గమాంగ్ గురించి రాయి.

ఆయన పేరెత్తగానే ఎవరైనా 1999 ఏప్రిల్ 17 గురించే చెబుతారు. నువ్వు ఎలాగూ అది రాస్తావు కాబట్టి సరిగ్గా రాయి. ఆ ఫిబ్రవరి 17న గమాంగ్ ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు. కానీ అప్పటికింకా శాసనసభ్యుడు కాదు, కొరాపుట్ ఎంపీగానే ఉన్నారు. శాసనసభలో సభ్యత్వం లేకపోయినా ఆరు నెలలు మంత్రిగానో ముఖ్యమంత్రిగానో ఉండొచ్చని రాజ్యాంగం 164వ అధికరణం చెబుతుంది. ఏప్రిల్‌లో కేంద్రంలోని వాజపేయి బీజేపీ ప్రభుత్వానికి జయలలిత మద్దతు ఉపసంహరించుకుంది. వాజపేయి విశ్వాస తీర్మానం పెట్టాల్సి వచ్చింది. గమాంగ్ భువనేశ్వర్ నుంచి ఢిల్లీ వెళ్లి సభలో కూర్చున్నారు. ముఖ్యమంత్రి ఇక్కడ ఓటెలా వేస్తారని అధికార పక్షం లేచింది. స్పీకరు కుర్చీలో ఉన్నది మన కోనసీమ మనిషి జి.ఎం.సి. బాలయోగి. ఆయన ఆ విషయం గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. ప్రభుత్వం పడిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, కాగితం మీద లెక్క వేసి చూడు. గమాంగ్ రాకపోయి ఉంటే 269, 269. సమానమైతే తప్ప స్పీకరుకు ఓటు లేదు, సమానమైతే మాత్రం వేయాలి. అప్పుడు నిర్ణయం బాలయోగి చేతికొచ్చేది. ఆయన ఎటు వేసేవారో ఊహించి రాయకు, అది మన పని కాదు. ఇంకో లెక్క కూడా వెయ్యి. నేషనల్ కాన్ఫరెన్స్ ప్రభుత్వం వైపు ఉంటే, ఆ పార్టీ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ పార్టీ మాట కాదని వ్యతిరేకంగా వేశారు. పార్టీ ఆయన్ని బయటికి పంపింది. సోజ్ ఒక్కరు పార్టీ చెప్పినట్టు వేసి ఉంటే అంకెలు 270, 269గా తిరగబడేవి. తటస్థంగా ఉంటుందనుకున్న బీఎస్పీ ఆఖరి ఘడియలో వ్యతిరేకంగా వేసింది. ఇంతమంది చేతులు పడిన పనిని ఒక్క గమాంగ్ నెత్తిన పెట్టి పాతికేళ్లుగా చెప్పుకుంటున్నారు. ఆయన చేసింది తన పార్టీ కాంగ్రెస్ విప్ పాటించడమే. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. ముఖ్యమంత్రి పదవిలో ఉండి ఓటు వేయడం మర్యాదేనా అని అడగొచ్చు. నన్నడిగితే చట్టం ఆయన పక్షాన ఉంది, మర్యాద సందేహంలో ఉంది. రెండూ రాయి. ఒకటి రాసి ఇంకోటి వదిలేస్తే అది వ్యాసం అవదు, వకాల్తా అవుతుంది.

ఆ ఒక్క రోజుకే పరిమితమైతే మిగతా జీవితం నీకు దొరకదు. గమాంగ్ 1943లో పుట్టారు, గుణుపూర్ వైపు దిబిరిసింగి ఊరు. ఇప్పుడది రాయగడ జిల్లా. సవరవాళ్లు. తెలుగువాళ్లకు సవర అనగానే పర్లాకిమిడి గిడుగు రామమూర్తిగారు గుర్తు రావాలి. సవర భాష నేర్చుకుని, 1931లో దాని మీద పుస్తకం అచ్చు వేయించి, తర్వాత నిఘంటువూ కూర్చారు. ఆ భాష మాట్లాడే కొండల్లోంచి వచ్చిన మనిషి 1972లో లోక్‌సభలో కాలు పెట్టారు. సవర డోలు భుజాన వేసుకుని సభల్లో వాయించడం ఆయనకు పెద్దయ్యాక కూడా పోలేదు. ఆ ఫొటోలు చాలానే ఉన్నాయి. వాటిని ముచ్చటగా చూపించి వదిలేయకు. గిరిజనులకు కేటాయించిన స్థానం నుంచి, తన భాషా తన డోలూ వదలకుండా ఢిల్లీకి పోయినవాళ్లు ఆ తరంలో ఎంతమంది ఉన్నారో చూస్తే ఆయన విలువ తెలుస్తుంది.

గెలుపులు లెక్కపెట్టేటప్పుడు ఏ గాలిలో గెలిచారో చూడు. 1980, 1984 గెలుపులు చెప్పుకోవాల్సినంతవి కావు, దేశమంతా కాంగ్రెస్‌దే. 1977 చూడు, అత్యవసర పరిస్థితి తర్వాత ఇందిరా గాంధీయే ఓడిపోయిన ఎన్నిక. 1989 చూడు, ఒడిశాలో బిజూ పట్నాయక్ జనతాదళ్ ఊడ్చేసిన ఎన్నిక. రెండుసార్లూ కొరాపుట్ గమాంగ్‌నే పంపింది. అది ఆయన సొంత బలమా, కొండ ఊళ్లలో ఇంకో పేరు చేరకపోవడమా? రెండూ ఉన్నాయని నా అభిప్రాయం. నీకు వేరేగా తోస్తే ఆధారం చూపించి రాయి.

1999 అక్టోబరు 29న మహా తుపాను ఒడిశా తీరాన్ని తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కే పదివేల దగ్గర ప్రాణాలు. డిసెంబరు 6న ఆయన ముఖ్యమంత్రి పదవి వదిలారు. అదే ఏడాది లోక్‌సభకు కొరాపుట్ నుంచి ఆయన భార్య హేమా గమాంగ్ గెలిచారు, 2004లో మళ్లీ ఆయనే. డింగెల్ దగ్గర కూడా ఇదే కథ. తండ్రి 1933 నుంచి ఆ స్థానంలో ఉండి చనిపోతే కొడుకు వచ్చాడు, కొడుకు దిగితే భార్య డెబీ వచ్చింది. రెండు దేశాల్లోనూ జనం ఓటేసే గెలిపించారు, నిజమే. అయినా అంత పెద్ద కొండసీమలో ఆ స్థానం ఒకే ఇంటి గడప దాటకపోవడం మంచిదని నేను అనలేను.

డింగెల్‌తో పోలిక అసలు పనికొచ్చేది ఇంకో చోట. అమెరికాలో ఏళ్లు గడిచేకొద్దీ సభ్యుడికి కమిటీల్లో పెద్దరికం పెరుగుతుంది. డింగెల్ ఇంధన, వాణిజ్య కమిటీకి 1981 నుంచి 1995 దాకా అధ్యక్షుడు. తండ్రి పెట్టిన ఆరోగ్య బీమా బిల్లును ప్రతి కొత్త సభలోనూ మళ్లీ పెడుతూ వచ్చాడు. 1965లో మెడికేర్ బిల్లు నెగ్గిన రోజు సభాపతి కుర్చీలో కూర్చున్నదీ ఆయనే. మన దగ్గర ఆ దారి లేదు. ఎంపీకి పెద్దరికం వస్తే మంత్రి పదవిలో రావాలి. గమాంగ్ కేంద్రంలో ఉపమంత్రిగా, సహాయమంత్రిగా చేశారు గానీ పెద్ద శాఖ చేతికి రాలేదు. ఓటు ఎటు వేయాలో పార్టీ చెబుతుంది. సొంతంగా పెట్టిన బిల్లు నెగ్గదు. ఇన్నేళ్లుండి ఏం చేశాడని అడిగే ముందు, ఆ కుర్చీలో కూర్చున్నవాడి చేతికి ఏం ఇచ్చామో చూడాలి. ఇది ఆయన్ని వెనకేసుకు రావడం అనుకోకు. ప్రశ్నలు వేయడం, చర్చలో లేచి మాట్లాడడం, రైలు కోసం మంత్రుల చుట్టూ తిరగడం ఎంపీ చేతిలోనే ఉంటాయి. లోక్‌సభ చర్చలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. ఆయన మాట్లాడిన రోజులు తీసి చూడు. కొరాపుట్, రాయగడల మధ్య రైలు 1990ల్లో వచ్చింది. 1992 అక్టోబరు 2న పాత కొరాపుట్ జిల్లా నాలుగైంది. 1996లో గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం వచ్చింది. ఒక్కోదాని దగ్గర ఆయన ఏమన్నారో వెతుకు.

తర్వాతి భాగం త్వరగా దాటేయొచ్చు. 2009లో బిజూ జనతాదళ్ తరఫున నిలబడిన జయరాం పంగి చేతిలో ఓడిపోయారు. పంగి మన పొట్టంగి నుంచి శాసనసభకు వెళ్లినవాడే. 2014లో జిన హికాక చేతిలో మళ్లీ ఓటమి. 2015లో కాంగ్రెస్ వదిలి బీజేపీ, 2023 జనవరిలో హైదరాబాద్ వెళ్లి కేసీఆర్ పార్టీ, 2024 జనవరిలో తిరిగి కాంగ్రెస్. 1999 ఓటు నింద తన మీద పడుతుంటే పార్టీ అడ్డు నిలవలేదని ఆయనకు కష్టం కలిగింది. ఆ కష్టంలో న్యాయముంది. కానీ ఏ పార్టీ ప్రభుత్వాన్ని పడగొట్టాడని పేరొచ్చిందో ఆ పార్టీలోకే పోవడం నాకు మింగుడు పడలేదు.

ఇక కొటియా. ఇది వదలొద్దు. మన పొట్టంగి బ్లాకులోని ఆ ఇరవై పైచిలుకు ఊళ్లు 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు సర్వే కాకుండా మిగిలిపోయాయి. అవి తనవేనని ఆంధ్ర మీద ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకెక్కింది, 2006లో అసలు సంగతి తేలకుండానే దావా ముగిసింది. గమాంగ్ మొదటి గెలుపుకు ముందు నుంచి చివరి గెలుపు దాటేదాకా ఈ వ్యాజ్యం నడుస్తూనే ఉంది. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటుది, అంటే ఆయన కూర్చున్న సభదే. అవతల ఆంధ్ర వైపు కూడా ఎక్కువకాలం ఉన్న మనిషే, కురుపాం కిశోర్ చంద్రదేవ్, 1977 నుంచి మొదలుపెట్టి అయిదుసార్లు లోక్‌సభకు గెలిచారు. ఇద్దరూ ఒకే కాలంలో ఢిల్లీలో ఉన్నారు. ఇద్దరి ప్రసంగాలూ పక్కపక్కన పెట్టి చదివితే నీ వ్యాసానికి ఇంకెవరూ రాయని భాగం దొరుకుతుంది.

సెలవులకు వచ్చినప్పుడు సుంకి మీదుగా కొటియా వెళదాం. అక్కడ చాలా ఇళ్లలో రెండు ఓటరు కార్డులుంటాయి, ఒకటి ఒడిశాది, ఒకటి ఆంధ్రాది. ఒక కార్డు కొరాపుట్ ఎంపీకి, ఇంకొకటి సాలూరు మీదుగా అరకు ఎంపీకి. పెద్దవాళ్ల పక్కన కూర్చుని, మీ ఎంపీ ఎవరని అడుగు. మొదట ఏ పేరు చెబుతారో, ఎందుకు చెబుతారో వాళ్ల మాటల్లోనే రాసుకో.

మీ తాతయ్య