గేటు దగ్గర ఆగిపోయిన తల్లి

పండగ ముందు రోజు. ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ముప్పావు గంట నిలబడింది. చేతిలో అరిసెల డబ్బా, కాళ్ళ దగ్గర సంచి. కూతురు నాలుగో అంతస్తులోనే ఉంది. కానీ ఆ ఫ్లాటుకు ఎవరొచ్చినా అనుమతి అడిగే మెసేజీ అల్లుడి ఫోనుకే పోతుంది. ఆయన ఆఫీసులో కూర్చుని వద్దని నొక్కాడు. ఇంటర్‌కామ్‌లో కూతురు, "ఆయన్ని అడిగి చెప్తానండీ" అని పెట్టేసింది. మా సెక్యూరిటీ కుర్రాడు రూలు ప్రకారమే నడుచుకున్నాడు. ఆ రూలు పెట్టింది నేను.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల నిర్వహణ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఇంట్లో హింస అంటే అరుపులు, పగిలే గిన్నెలు, కమిలిన చెంప అనే అనుకునేవాణ్ణి. చెయ్యెత్తకుండానే మనిషిని బంధించవచ్చని ఆ రోజు అర్థమైంది. ఎవరితో మాట్లాడాలి, ఎక్కడికెళ్ళాలి, చేతిలో ఎంత డబ్బుండాలి, అన్నీ ఒకరే తేల్చడం, తప్పితే ఏమవుతుందోనన్న భయం రెండోవాళ్ళ మీద ఎప్పుడూ ఉంచడం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 నాటి చట్టం ఈ అదుపునే నేరంగా చేసింది. మన 2005 గృహహింస చట్టం మూడో సెక్షన్ కూడా దెబ్బలతో ఆగదు. మాటలతో, మనసుకు, డబ్బు విషయంలో పెట్టే బాధ కూడా హింసేనంటుంది.

కాపలా ఉండేవాళ్ళకి, కుళాయి బాగుచెయ్యడానికి వెళ్ళేవాళ్ళకి, మెట్లు తుడిచే అక్కలకి కనిపించేవి బంధువులకు కూడా కనిపించవు. పగలంతా ఇంట్లోనే ఉండే ఆవిడ తలుపు జానెడే తీసి, "సార్ వచ్చాక రండి" అంటుంది. లోపలికెళ్తే పడగ్గది తలుపుకి బయటివైపు గడియ, గోడకి పిడికిలంత గుంట. మూడు నెలల్లో నలుగురు పనిమనుషులు మారతారు, ఆవిడతో కాస్త చనువైన ప్రతిసారీ ఒకరు మానేస్తారు. పాలప్యాకెట్టుకి చిల్లర కావాలన్నా ఆయనకు ఫోన్ చెయ్యాలి. లిఫ్టులో ఒక్కతే ఉంటే నవ్వుతూ మాట్లాడే మనిషి, ఆయన పక్కనుంటే తలెత్తదు. వీటిలో ఏ ఒక్కటో చూసి ముద్ర వెయ్యకండి. కొందరికి మొహమాటం, కొందరికి ఒంట్లో బాగుండదు. నాలుగైదు కలిసి, వారాల తరబడి కనిపిస్తే మాత్రం, "వాళ్ళింటి గొడవ మనకెందుకు" అని తల తిప్పుకోకండి.

నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. తెలియకుండా మనమే అదుపు చేసే మనిషి చేతిలో కర్రలమవుతాం. "మా మేడమ్ ఎన్నింటికి బయటికెళ్ళింది? ఎవరొచ్చారు?" అని ఒకాయన రోజూ అడిగితే, మర్యాదగా రిజిస్టరు చూసి చెప్పేస్తాం. సీసీ కెమెరా చూపించమంటే కుర్చీ వేసి మరీ చూపిస్తాం. ఇప్పుడు మా దగ్గర కెమెరా రికార్డు పోలీసులు అడిగితేనో, రాతపూర్వకంగా అడిగితే కమిటీ ఒప్పుకుంటేనో ఇస్తాం. గేటు యాప్‌లో ఫ్లాటులో ఉండే పెద్దవాళ్ళందరి నంబర్లూ వేరువేరుగా, వాళ్ళ నోటితోనే అడిగి ఎక్కిస్తున్నాం. ఒకరు వద్దన్నా, రెండోవాళ్ళు రమ్మంటే వచ్చినవాళ్ళను పంపుతాం.

మాట్లాడాలనిపిస్తే ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడే మాట్లాడండి. ఇంటర్‌కామ్‌లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు, ఆ ఫోను ఎవరు చూస్తున్నారో మనకు తెలియదు. మా ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ అలాంటి ఒకామెకు మెయింటెనెన్స్ రసీదు ఇస్తూ ఒకసారి ఇంతే అంది: "ఇంట్లో అంతా బాగానే ఉందా అమ్మా? ఎప్పుడైనా ఫోన్ చేసుకోవాలంటే ఇక్కడ మా ఫోనుంది." అవతలి మనిషి ఏమీ అనలేదు, రసీదు మడిచి పట్టుకుని వెళ్ళిపోయింది. రెండు వారాల తర్వాత వచ్చి ఆ ఫోను అడిగింది. మీరు గుచ్చి గుచ్చి అడగొద్దు. "సర్దుకుపోవాలమ్మా" అనొద్దు, "ఇన్నాళ్ళూ ఎందుకున్నావు" అనీ అనొద్దు. వెళ్ళిపొమ్మని తొందరపెట్టొద్దు కూడా. ఇల్లు వదలాలని చూసే రోజులే చాలామందికి ఎక్కువ ప్రమాదం. మంచి మనసుతోనైనా భర్తతో, అత్తగారితో రాయబారం నడపకండి, ఆ కోపం రాత్రికి ఆవిడ మీదే తీరుతుంది.

సాయానికి ఉన్న దారులు ఇవి: మహిళల హెల్ప్‌లైన్ 181, జిల్లాల్లోని సఖి కేంద్రాలు, గృహహింస చట్టం కింద నియమించిన రక్షణ అధికారి. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో ఆవిడనే తేల్చుకోనివ్వండి. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు, వెంటనే 112కి చెయ్యండి. "రేపు నా మీద కేసు పెడితే?" అని మావాళ్ళు భయపడేవారు. హింస జరిగిందని, జరుగుతోందని నమ్మే కారణముంటే ఎవరైనా రక్షణ అధికారికి చెప్పవచ్చని ఆ చట్టం నాలుగో సెక్షన్ అంటుంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ బాధ్యత ఉండదని కూడా అందులోనే ఉంది.

చూసింది రాసి పెట్టండి. తారీఖు, టైము, కళ్ళతో చూసింది, చెవులతో విన్నది, అంతే. "ఆయన మంచివాడు కాదు" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. "రాత్రి 11:20, 4వ అంతస్తు, తలుపు కొట్టిన చప్పుడు, ఆవిడ మెట్ల మీద చెప్పుల్లేకుండా కూర్చుని ఉంది" అని రాస్తే పనికొస్తుంది. ఆ పుస్తకం గేటు బల్ల మీద పడెయ్యకుండా తాళంలో ఉంచండి.

"ఆవిణ్ణి లోపలికి రానివ్వకండి, ఫ్లాటు నా పేరు మీదుంది" అని ఫోన్లు వస్తాయి. ఆ మాట మీద గేటు వెయ్యకండి. కలిసి కాపురమున్న ఇంట్లో, అది ఎవరి పేరున ఉన్నా, అద్దెదైనా, ఉండే హక్కు ఆవిడకుందని గృహహింస చట్టం పదిహేడో సెక్షన్ చెబుతుంది. చట్టప్రకారం తప్ప బయటికి పంపకూడదు. కోర్టు కాగితం ఉంటే చూపించమనండి, లేకపోతే దారివ్వండి. ఈ సంగతి అర్ధరాత్రి డ్యూటీలో ఉండే కుర్రాడికి తెలియాలి. సెక్రటరీకి ఒక్కడికే తెలిస్తే చాలదు.

అన్నట్టు, ఈ చట్టం పై అంతస్తులకే కాదు. సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉండే గది కూడా ఇల్లే. మా దగ్గర 181 నంబరును మొదట రాసి అంటించింది పనిచేసే ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో, తలుపు లోపలివైపున.