జీవకణములో నకలు - రొయ్యల గుంటకు రక్ష

నెల్లూరు సముద్రతీరమున ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు ప్రాంతముల గ్రామములకు రొయ్యల గుంటలు జీవనాధారములైనవి. 1994లో తూర్పుతీరమున తెల్లమచ్చ వ్యాధి ప్రవేశించి రైతులకు తీరని నష్టము కలిగించినది. ఇది సోకిన గుంటలో మూడు మొదలు పది దినములలో రొయ్యలు దాదాపు అన్నియు చనిపోవును. నేటికిని దీనికి మందు లేదు. అయినను పిల్లలను గుంటలో విడుచుటకు పూర్వమే రోగమును కనిపెట్టవచ్చును. ఆ ఉపాయము బోధపడుటకు ముందుగా జీవకణము నకలు తీయు విధమును తెలిసికొందము.

ఒక కణము రెండగుటకు ముందు తనలోని డి.ఎన్.ఏ.కు నకలు తీసికొనును. డి.ఎన్.ఏ. రెండు పోగులు పెనవేసిన త్రాడు వంటిది. పోగులలో ఏ, టీ, జీ, సీ అను నాలుగు అక్షరములు వరుసగా నుండును. ఏ ఎదుట టీ, జీ ఎదుట సీ మాత్రమే నిలుచును. 1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు ఈ నిర్మాణమును వెల్లడించిరి. నకలు తీయువేళ పోగులు విడిపోవును. ఎంజైములు ఒక్కొక్క పోగును అనుసరించి దానికి సరిపడు క్రొత్త పోగును అల్లును. అడంగలు నకలు తీసినచో అసలు కచ్చేరిలోనే యుండును, నకలు మనకు వచ్చును. ఇచ్చట అట్లు కాదు. రెండు కణములకును ఒక పాత పోగు, ఒక క్రొత్త పోగు చొప్పున లభించును. 1958లో మెసెల్సన్, స్టాల్ అనువారు దీనిని ప్రయోగపూర్వకముగా నిరూపించిరి.

తెల్లమచ్చ వైరస్‌కు డి.ఎన్.ఏ. కలదు గాని స్వంత కణము లేదు. అది దొంగవలె రొయ్య కణములో దూరి, అందలి సామగ్రితోనే తన నకళ్ళు పెంచుకొని, తుదకు ఆ కణమును నాశనము చేయును.

అదే నకలు విద్యతో ఆ దొంగను పట్టవచ్చును. 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు కేరీ మల్లిస్ కనుగొనిన పి.సి.ఆర్. పద్ధతిలో, రొయ్యపిల్లల నుండి తీసిన డి.ఎన్.ఏ.ను వేడిచేసి పోగులను విడదీయుదురు. వైరస్ పోగులకు మాత్రమే అతుకు చిన్న ముక్కలును, నకలు తీయు ఎంజైమును అందుండును. వైరస్ ఉన్నచో దాని నకళ్ళు మారుమారునకు రెట్టింపగును. 30 మారులకు ఒకటి నూరు కోట్లు దాటును. కంటికి కానరాని రోగము అట్లు బయటపడును.

అయితే పరీక్ష ఒక్కటే చాలదు. మంచి పిల్లలకు సైతము కాలువ నీటి వలనను, పీతల వలనను రోగము సోకవచ్చును. కావున పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది: వైరస్ లేదని పరీక్షలో తేలిన పిల్లలనే కొనవలెనని రైతులకు నచ్చజెప్పుడు. రోగపు గుంట నీటిని బ్లీచింగు పొడితో శుద్ధిచేయక కాలువలోనికి వదలరాదని గ్రామసభలో తీర్మానింపుడు. గుంట ఒకరిది, కాలువ అందరిది.