పట్టణపు రాకపోకలకు విద్యుత్ స్కూటరు: కొనుటకు ముందు వేసికొనవలసిన లెక్క

హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట ప్రాంతములందలి మన తెలుగు కుటుంబములకు ఈ విషయము ఇంటిముందరి ముచ్చట వంటిది. ఏలయన, దేశమందు తిరుగుచున్న విద్యుత్ స్కూటర్లలో పెక్కు మన జిల్లాలోనే తయారగుచున్నవి. టీవీఎస్ కర్మాగారము హోసూరులో నున్నది. ఏథర్ వారు 2021లో తమ ఉత్పత్తిని బెంగుళూరు నుండి హోసూరునకు తెచ్చిరి. ఓలా వారి కర్మాగారము పోచంపల్లిలో వెలసినది. అయినను బండి కొనునప్పుడు మనలో చాలమంది అంగడిలో చెప్పినంత విని, నెలసరి వాయిదా ఎంతయని మాత్రమే అడిగి, సంతకము చేయుచున్నారు. ఎద్దును కొనుటకు సంతకు పోయిన మన తాతలు పండ్లు చూడక, నాలుగడుగులు నడిపింపక బేరము ముగించినవారు కారు.

లక్ష రూపాయలు మన ఇండ్లలో చిన్న మొత్తము కాదు. కావున ఇచట కొంత లెక్క చెప్పదలచితిమి. ఏడవ తరగతి పిల్లవానికి వచ్చు గుణకారములు, భాగహారములు దీనికి చాలును. ఇంట వానిచేతనే వేయించినచో వానికిని అభ్యాసమగును. మేము ఏ కంపెనీ పక్షమునను వ్రాయుట లేదు. పేర్లు చెప్పినది ఉదాహరణకు మాత్రమే.

మొదట తెలియవలసినది మన దూరము. హోసూరు నుండి అత్తిబెలె వైపు కర్మాగారములకు పోయివచ్చు తండ్రి యొకరు రోజునకు 20 కిలోమీటర్లు తిరుగుదురనుకొందము. నెలకు 26 పనిదినములకు 520 కిలోమీటర్లు. పెట్రోలు స్కూటరు లీటరునకు 45 కిలోమీటర్లు ఇచ్చినచో పదకొండున్నర లీటర్లు కావలెను. లీటరు 100 రూపాయలని పెట్టుకొన్నను నెలకు 1,150 రూపాయలు. ఇక విద్యుత్ స్కూటరు. దీని బ్యాటరీని కిలోవాట్ గంటలలో కొలుతురు. ఆ మాటకు బెదరనక్కరలేదు. ఒక కిలోవాట్ గంట యనగా మన ఇంటి మీటరులో తిరుగు ఒక యూనిట్టే. పట్టణపు నడకలో కిలోమీటరునకు సుమారు 30 వాట్ గంటలు ఖర్చగును, అనగా ఒక యూనిట్టుకు 33 కిలోమీటర్లు. 520 కిలోమీటర్లకు 16 యూనిట్లు. చార్జరులో వేడిమిగా పోవునది కలుపుకొని 18 అనుకొందము. యూనిట్టు 7 రూపాయలైనచో 126 రూపాయలు. నెలకు వేయి రూపాయలు, ఏటికి పండ్రెండువేలు మిగులును. పెట్రోలు బండికంటె ఇది 20,000 రూపాయలు ఎక్కువైనను, రెండేండ్లు నిండకమునుపే ఆ తేడా తీరిపోవును.

ఇదే లెక్కను మరియొక ఇంట వేసిచూతము. ఆ తల్లి పిల్లలను బడికి దింపి, కూరగాయలు తెచ్చుకొని, రోజునకు 5 కిలోమీటర్లు మాత్రమే తిరుగును. నెలకు 130 కిలోమీటర్లు. పెట్రోలునకు 290 రూపాయలు, కరెంటునకు ముప్పదికి పైచిలుకు. మిగులు నెలకు 260 రూపాయలు మించదు. ఆ ఇరువదివేలు తిరిగివచ్చుటకు ఆరేండ్లకు పైన పట్టును. ఇట్టివారింట పాత పెట్రోలు బండి చక్కగా నడుచుచున్నచో, దానిని అమ్మి అప్పు చేసి కొత్తది తెచ్చుట మాకు లాభముగా తోచదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీ వరకు గల పెట్రోలు బండ్లపై జీఎస్టీ నూటికి 28 నుండి 18కి తగ్గినది. విద్యుత్ బండ్లపై 5 మాత్రమే యుండెడిది అట్లే నిలిచినది. కనుక వెలలోని తేడాను పాత మాటలనుబట్టి కాక, కొనునాటి రెండు చీటీలు ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడవలెను. విద్యుత్ రేటును సయితము మీ మీటరు చీటీ చూచియే వేసికొనవలెను. వాడుక పెరిగినకొలది మెట్టుమెట్టుకు రేటు పెరుగును గాన, బండికి కావలసిన యూనిట్లు మీ ఇంటి పై మెట్టులో చేరును.

రెండవది, ప్రకటనలోని దూరము. బ్యాటరీ నిండినచో ఇన్ని కిలోమీటర్లు పోవునని కాగితముపై వ్రాసినది పరీక్షశాలలో కొలిచినది. మన వీధులలో ఎత్తుపల్లములు, గతుకులు, వెనుక కూర్చున్నవారు, ముందు బియ్యపు సంచి ఇవన్నియు కలవు. నూటికి డెబ్బది వంతులు వచ్చిన చాలునని యెంచవలెను. బ్యాటరీకి వయస్సు మీరినకొలది శక్తి తగ్గును. కొన్నేండ్లకు అదియు నూటికి డెబ్బదికి దిగవచ్చును. దారిలో నిలిచిపోకుండుటకు అయిదవ వంతు ఎల్లప్పుడు మిగుల్చుకొనవలెను. ఈ మూడును గుణించినచో ప్రకటించిన 100 కిలోమీటర్లలో మనము నమ్మదగినవి 39 మాత్రమే. కావున సూత్రమిది: మీ రోజువారీ దూరమును రెండున్నర రెట్లు చేయుడు, ప్రకటించిన దూరము అంతకు తక్కువ కారాదు.

2025 జూన్‌లో వచ్చిన బజాజ్ చేతక్ 3001కి 3 యూనిట్ల బ్యాటరీ, ప్రకటించిన దూరము 127 కిలోమీటర్లు. జూలైలో వచ్చిన హీరో వారి విడా వీఎక్స్2 గో అనుదానికి 2.2 యూనిట్లు, 92 కిలోమీటర్లు. ఆగస్టులో వచ్చిన టీవీఎస్ ఆర్బిటరుకు 3.1 యూనిట్లు, 158 కిలోమీటర్లు. ఈ మూటికిని విడుదలనాడు ప్రకటించిన షోరూము వెల లక్షకు కొలదిగా తక్కువ. మన సూత్రము ప్రకారము రోజునకు 30 కిలోమీటర్లు తిరుగువారికి 75 కావలెను. అన్నిటికంటె చిన్న బ్యాటరీయే చాలును. 50 తిరుగువారికి 125 కావలెను. ఎలక్ట్రానిక్ సిటీకి ప్రతిదినము పోయివచ్చువారు ఈ లెక్కను తప్పక వేసికొనవలెను. అక్కరలేని పెద్ద బ్యాటరీకి సొమ్ము పోయుట మనలో చూచుచున్నాము. అది కదలని సరకును మోసికొని తిరుగుట వంటిదే.

బ్యాటరీ వెలను తీసివేసి బండిని మాత్రము తక్కువ ధరకు అమ్మి, తిరిగిన కిలోమీటరునకు ఇంతయని వసూలు చేయు పద్ధతియు వచ్చినది. వీఎక్స్2కు విడుదలనాడు చెప్పిన రేటు కిలోమీటరునకు 96 పైసలు. పై తండ్రికి నెలకు 500 రూపాయలగును, కరెంటు వేరు. అప్పటికిని పెట్రోలుకంటె తక్కువయే. కాని నెలకు కనీస మొత్తమున్నదా, ఎన్ని యేండ్లకు కట్టుబడవలెను, నడుమ బండి అమ్మినచో ఏమగును అను మూడు సంగతులు వ్రాతమూలకముగా తెలిసికొననిదే దీనికి ఒప్పుకొనరాదు.

ఇప్పుడు మేము కొంచెము గట్టిగా చెప్పవలసిన విషయమునకు వచ్చితిమి. గంటకు 25 కిలోమీటర్ల వేగమును, 250 వాట్ల మోటారు శక్తిని మించని బండ్లను చట్టము మోటారు వాహనములుగా లెక్కింపదు. వీనికి రిజిస్ట్రేషను అక్కరలేదు, లైసెన్సును అక్కరలేదు. చవుకగా వచ్చును గనుక తొమ్మిదవ, పదవ తరగతి పిల్లలకు ట్యూషనునకు పోవుటకై కొనియిచ్చు తల్లిదండ్రులు పెరుగుచున్నారు. ఇందు రెండు చిక్కులు కలవు. ఒకటి, చవుక బండ్లలో కొన్నిటికి పాత సీసపు బ్యాటరీలే యుండును. బరువు హెచ్చు, ఆయువు తక్కువ, ఒకటి రెండేండ్లకే మార్చవలసివచ్చును. రెండవది ఇంతకంటె పెద్దది. ‘వేగపు కట్టు విప్పి ఇచ్చెదము, నలువదియైదు పోవును’ అని చెవిలో చెప్పు వర్తకులు కలరు. కట్టు విప్పిన క్షణమునుండి అది రిజిస్ట్రేషను లేని, భీమా లేని మోటారు వాహనము. దానిని మైనరు నడుపుచు ఎవరినైన గ్రుద్దినచో, 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 199ఎ విభాగము సంరక్షకునినే దోషిగా నెంచును. మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, పిల్లవానికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు లేకుండుట దాని ఫలితములు. మామూలు పెట్రోలు బండి తాళము ఇచ్చినను ఇంతే. పిల్లవానికి సైకిలు కొనియిచ్చుటలో చిన్నతనమేమియు లేదు.

పసిపిల్లలను బండిపై తీసికొనిపోవువారును గమనింపవలెను. నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని హెల్మెట్టు కావలెను. అంతకు చిన్నవారికి నడుపువానితో కలిపి కట్టు పట్టీ, తలకు తగిన హెల్మెట్టు ఉండవలెననియు, అప్పుడు వేగము 40 మించరాదనియు 2022లో నియమము చేసిరి. విద్యుత్ బండి చప్పుడు లేక ఒక్కసారిగా ముందుకు దూకును గనుక ఈ జాగ్రత్త మరింత అవసరము.

నిప్పు మాట అందరును అడుగుదురు. 2022 మార్చిలో వేలూరులో రాత్రి ఇంట చార్జింగునకు పెట్టిన స్కూటరు అంటుకొని, పొగలో ఊపిరాడక ఒక తండ్రియు కూతురును మరణించిరి. ఆ మరుసటి నెలలోనే విజయవాడలో పడకగదిలో చార్జింగునకు పెట్టిన బ్యాటరీ ప్రేలి ఇంటి యజమాని ప్రాణము పోయినది. వీని పిదప ప్రభుత్వము బ్యాటరీల పరీక్షలను కఠినము చేసినది. ఏఐఎస్ 156 అను ఆ సవరించిన ప్రమాణము 2022 డిసెంబరునుండి ఒక విడత, 2023 మార్చి 31 నుండి రెండవ విడత అమలయ్యెను. కనుక సెకండ్ హ్యాండు బండి కొనువారు తయారైన తేదీని తప్పక చూడవలెను. 2023 ఏప్రిలునకు ముందటిదైనచో, ఎంత చవుకగా వచ్చినను మేము వలదందుము.

ఇంటిలోని ఏర్పాటు బ్యాటరీయంత ముఖ్యము. 750 వాట్ల చార్జరు 3 యూనిట్ల బ్యాటరీని నింపుటకు నాలుగు గంటలకు పైన పట్టును. అంతసేపు ఎడతెగక కరెంటు లాగుటకు వదులైన పాత ప్లగ్గు పనికిరాదు. బోర్డునుండి వేరుగా తీగ లాగించి 15 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించి, ఎర్తు సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించవలెను. బండి తిరిగివచ్చిన అరగంట వరకు బ్యాటరీని చల్లారనిచ్చి, కంపెనీ చార్జరుతోనే, అందరును మేలుకొనియున్న వేళలో చార్జింగునకు పెట్టవలెను. వాకిలికి, మెట్లకు అడ్డముగా ఎన్నడును పెట్టరాదు. అద్దె ఇంట మూడవ అంతస్తున ఉండువారు ఊడదీయు బ్యాటరీని కోరుదురు. న్యాయమే, కాని అది బరువుగా నుండును, ప్రతిదినము మోయవలసినది తామే. పైకి తెచ్చినదానిని పడకగదిలో కాక, బట్టలు, పరుపులు లేని చోట నేలపై నుంచవలెను. క్రిందనే ప్లగ్గు పెట్టుకొనుటకు ఇంటి యజమాని ఒప్పుకొనునా యని బండికి బయానా ఇచ్చుటకు ముందే అడుగుట మంచిది. తరువాత అడిగి చిక్కుపడినవారిని చాలమందిని ఎరుగుదుము.

లిథియము బ్యాటరీలలోను తెగలు కలవు. ఇనుము, ఫాస్ఫేటు చేరిన తెగ కొంత బరువైనను వేడికి ఓర్చును, ఎక్కువసారులు నింపుటకు వచ్చును. హోసూరు చల్లని ఊరు గనుక మనకు ఈ భేదము అంతగా తెలియదు; బళ్ళారిలో, వేలూరులో నున్న మన బంధువులు దీనిని అడిగి తెలిసికొనవలెను. వారంటీలో ఏండ్లతోపాటు కిలోమీటర్లును, శక్తి ఎంతకు తగ్గినచో మార్చియిత్తురో ఆ శాతమును వ్రాసియుండవలెను. శాతము చెప్పని వారంటీ సగము మాటయే.

ప్రభుత్వ సబ్సిడీ గూర్చి తొందరపెట్టు మాటలు వినవలదు. 2021 జూన్‌లో యూనిట్టునకు 15,000 రూపాయలుండెడిది 2023 జూన్‌లో 10,000కు, 2024 ఏప్రిలులో 5,000కు, 2025-26లో 2,500కు (మొత్తము 5,000 మించకుండ) దిగివచ్చినది. ‘రేపటితో ముగియును’ అని అంగడివారు చెప్పు మొత్తము చీటీలో వేరుగా వ్రాసియున్నదా యని చూచిన చాలును. ఇక మన సరిహద్దువారికి ప్రత్యేకముగా ఒక మాట: బెంగుళూరులో కొంత తగ్గింపు దొరకినదని అచటి బంధువుల చిరునామాతో బండిని రిజిస్టరు చేయించి హోసూరులో ఉంచుకొనుట చట్టసమ్మతము కాదు. బండి ఎచట నుండునో అచటనే రిజిస్టరు కావలెను. వేరు రాష్ట్రమున పండ్రెండు నెలలు మించి ఉంచినచో మరల రిజిస్ట్రేషను తప్పదు. ఆ తిరుగుడులో తగ్గింపు కాస్త కరిగిపోవును.

చివరగా సర్వీసు కేంద్రము. మెరుపు రంగులకంటె, తెరపై వచ్చు పాటలకంటె, మీ వీధినుండి అయిదారు కిలోమీటర్లలో మరమ్మతు చేయువారుండుట ముఖ్యము. కొనుటకు ముందు ఒక ఉదయము అచటికి పోయి, బండ్లు తెచ్చి నిలుచున్నవారితో తెలుగో తమిళమో కన్నడమో ఏదో యొక భాషలో పలుకరించినచో, ఏ భాగమునకు ఎన్ని దినములు వేచియున్నారో వారే చెప్పుదురు.

నడిపిచూచుటకు షోరూము ముందరి సమతలమైన రోడ్డు చాలదు. చంద్రచూడేశ్వర స్వామి కొండపైకి బండ్లు పోవు దారి కలదు. వెనుక ఇంటివారిలో ఒకరిని కూర్చుండబెట్టుకొని అంతవరకు పోనిమ్మని అడుగవలెను. ఎక్కునప్పుడు మోటారు ఈడ్చుచున్నదా, దిగునప్పుడు బ్రేకు పట్టుచున్నదా, చీరకట్టుతో వెనుక కూర్చున్నవారికి కాలు పెట్టుకొనుటకు చోటున్నదా చూచి, బయలుదేరునప్పుడును తిరిగి వచ్చినప్పుడును బ్యాటరీ శాతమును ఒక చీటీపై వ్రాసికొని, రెండవ షోరూమునకు పోవలెను.