ముందు కంప్రెసర్‌కు పెట్టించండి

ప్రశ్న: బాలానగర్‌లో మాకు చిన్న మెషీన్ షాపు ఉంది. రెండు వీఎంసీలు (వర్టికల్ మెషీనింగ్ సెంటర్లు), నాలుగు లేత్‌లు, ఒక స్క్రూ కంప్రెసర్. షాపంతా సెన్సర్లు బిగించి, అన్నీ ఫోన్‌లో చూపిస్తామని ఒక కంపెనీ కొటేషన్ ఇచ్చింది. ఒప్పుకోమంటారా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: షాపంతా ఒక్కసారే వద్దండీ. ఏది ఆగితే మిగతావి కూడా ఆగిపోతాయో దానితో మొదలుపెట్టండి. మీకు అది కంప్రెసరే. వీఎంసీలో టూల్ మారాలన్నా గాలి కావాలి కదా.

దాని మోటారుకు కేబుల్ చుట్టూ బిగించి కరెంటు కొలిచే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఒకటి, వైబ్రేషన్ సెన్సర్ ఒకటి చాలు. వైబ్రేషన్ సెన్సర్‌ను బేరింగ్ ఉన్నచోట గట్టి లోహం మీదే బిగించాలి. ఫ్యాన్ కవర్ మీద అంటిస్తే రేకు అదురే తెలుస్తుంది తప్ప బేరింగ్ సంగతి తెలియదు. 15 కిలోవాట్ల లోపు మోటార్లకు వైబ్రేషన్ సెకనుకు 1.8 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదని, 4.5 దాటితే ప్రమాదమని పాత ఐఎస్ఓ 10816 ప్రమాణం చెప్పేది. అంతకన్నా, మోటారు బాగున్న రోజున ఎంత చూపిందో రాసిపెట్టుకోవడం ముఖ్యం. 0.8 చూపే మోటారు కొద్ది వారాల్లో 1.6కు వచ్చిందంటే, హద్దు దాటకపోయినా సరే, గ్రీజు, బోల్టులు, అలైన్‌మెంట్ చూపించండి.

సీటీతో ఇంకో లాభం ఉంది. భోజనాల వేళ మెషీన్లన్నీ ఆగి ఉన్నా కంప్రెసర్ మాటిమాటికీ లోడ్ తీసుకుంటోందంటే ఎక్కడో గాలి లీకవుతున్నట్టే. ఆ రోజే సబ్బు నీళ్లతో జాయింట్లన్నీ వెతికించండి. ఆ గాలి ఖరీదు మీరు కరెంటు బిల్లులో నెలనెలా కడుతున్నారు.

ప్రెషర్ సెన్సర్ కూడా కొంటే 4-20 మిల్లీఆంపుల రకం అడగండి. ప్రెషర్ సున్నా అయినా 4 వస్తుంది. అసలేమీ రాకపోతే వైరు తెగిందని వెంటనే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఇంటి నుంచే ఫోన్‌తో మెషీన్లు నడిపే సదుపాయం ఇస్తామంటున్నారు. మంచిదేనా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చూడటం వరకే ఉంచుకోండమ్మా, నడపడం వద్దు. మీరు ఇంట్లో బటన్ నొక్కే క్షణాన ఎవరి చెయ్యి మెషీన్‌లో ఉందో ఫోన్‌లో కనబడదు. తెర మీద కనిపించేదంతా నిజమనీ నమ్మలేం. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ ఇరాన్‌లోని నతాంజ్‌లో సెంట్రిఫ్యూజ్‌ల వేగం మార్చి పాడుచేస్తూ, ఆపరేటర్లకు మాత్రం అంతా మామూలుగా ఉన్నట్టే చూపించింది. అందుకే ఎమర్జెన్సీ స్టాప్‌కు నేరుగా వైరింగే ఉండాలి. మెషీన్ల నెట్‌వర్క్‌ను ఆఫీసు వైఫైతో కలపనివ్వకండి. కంపెనీ పెట్టి ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్పించండి.

ప్రశ్న: సెన్సర్లు పెట్టాక మెషీన్ కాసేపు ఆగినా బోర్డు మీద ఎర్రగా పడుతోంది. తప్పు మాదేనంటున్నారు.
- ఒక ఆపరేటర్, జీడిమెట్ల

జవాబు: మీ బాధ న్యాయమైనది. మెషీన్ ఆగిందని మాత్రమే సెన్సర్‌కు తెలుసు, ఎందుకు ఆగిందో తెలియదు. మెటీరియల్ రాలేదా, ఇన్సర్ట్ అరిగిందా, ఇన్‌స్పెక్షన్ కోసం ఆగారా అన్నది మెషీన్ దగ్గరే మీరు నొక్కేలా బటన్లు పెట్టించమని అడగండి. కారణాల లిస్టు మీ షిఫ్టు వాళ్లందరూ కూర్చుని తయారుచేసి, సూపర్‌వైజర్ చేతికివ్వండి.